గడ్డి రన్‌వేపై తేలికపాటి విమానాల ల్యాండింగ్ ప్రమాదాలు: అసలు కారణం నేలమీద కాదు, గాలిలోనే

గడ్డి రన్‌వేపై తేలికపాటి విమానం దిగేటప్పుడు జరిగే ప్రమాదాలు ఎక్కువగా రెండు మూడు రూపాల్లోనే కనిపిస్తాయి. విమానం రన్‌వే కొస దాటి కంచెలోకో, కాలవలోకో, పక్క పొలంలోకో దూసుకుపోతుంది. లేదా ముందు చక్రం విరిగి, ప్రొపెల్లర్ రెక్కలు వంగిపోయి, ముక్కు నేలకు ఆనించి నిలిచిపోతుంది. లేదా గిర్రున పక్కకు తిరిగి రెక్క కొసను నేలకు రాస్తుంది. లోపలున్నవారు చాలాసార్లు తలుపు తీసుకుని తమంతట తామే బయటికి వస్తారు. ఆ తర్వాత పైలట్ నోట తరచు వినిపించే మాట ఒకటే: బ్రేకులు పట్టలేదు. ఆ మాట నిజమే అయినా ప్రమాదానికి అది మూలకారణం కాదు. తడి గడ్డిమీద బ్రేకులు సరిగా పట్టకపోవడం ఆ నేలకున్న సహజ గుణం. ఆ గుణాన్ని లెక్కలోకి తీసుకోకుండా విమానాన్ని దించెయ్యాలన్న నిర్ణయం అంతకు అర నిమిషం ముందే, ఇంకా గాలిలో ఉండగానే, జరిగిపోయి ఉంటుంది. తారు రన్‌వేమీద చక్రాలు ఆనిన తర్వాత కూడా దిద్దుకోగలిగిన తప్పులను గడ్డిమీద దిద్దుకోవడానికి వీలుండదు. ఇక్కడ ల్యాండింగ్ బాగోగులు చాలావరకు చక్రాలు నేలను తాకకముందే తేలిపోతాయి.

అలాగని గడ్డి రన్‌వేను పుట్టుకతోనే ప్రమాదకరమైనదిగా చూడటం సరికాదు. విమానయానం పుట్టి పెరిగిందే గడ్డిమీద. 1920 నుంచి 1959 వరకు పనిచేసిన లండన్ క్రోయ్డన్ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు పచ్చిక మైదానంమీదే దిగేవి. ఆ కాలపు విమానాశ్రయాలు చాలావరకు నాలుగు వైపులా విశాలంగా ఉండే మైదానాలు కావడంతో, గాలి ఎటునుంచి వీస్తే అటు ముఖంగా దిగే వెసులుబాటు పైలట్‌కు ఉండేది. సన్నని రన్‌వేలు వచ్చాకే అడ్డగాలి నిత్య సమస్యగా మారింది. తోకచక్రం ఉన్న విమానాలు నడిపేవారిలో చాలామంది నేటికీ తారుకన్నా గడ్డినే ఇష్టపడతారు. విమానం కాస్త పక్కకు జరుగుతూ నేలను తాకినా టైరు గడ్డిమీద కొద్దిగా జారి ఆ పక్కబలాన్ని పోగొడుతుంది. తారుమీదైతే టైరు నేలను గట్టిగా పట్టుకుని అదే బలాన్ని ల్యాండింగ్ గేర్‌కు, అంటే చక్రాల కాళ్లకు, విమానం దేహానికి చేరవేస్తుంది. గడ్డికి పట్టు తక్కువ కావడం ఒక సందర్భంలో రక్షణగానూ మరో సందర్భంలో ముప్పుగానూ పరిణమిస్తుందన్నమాట.

ఇది అర్థం కావాలంటే రెండు రకాల ఘర్షణలను విడివిడిగా చూడాలి. మొదటిది దొర్లుడు ఘర్షణ. బ్రేకులు వేయకపోయినా, చక్రం దొర్లుతున్నప్పుడు నేలా గడ్డీ కలిసి దాని వేగాన్ని తగ్గించే బలం ఇది. రెండోది బ్రేకులు వేసినప్పుడు టైరుకు, నేలకు మధ్య దొరికే పట్టు. పొడిగా ఉన్న తారుమీద మొదటిది చాలా తక్కువ, రెండోది చాలా ఎక్కువ. గడ్డిమీద పరిస్థితి తారుమారవుతుంది. ఎత్తుగా పెరిగిన గడ్డి, మెత్తటి నేల దొర్లుడు ఘర్షణను పెంచుతాయి. అదే గడ్డి తడిసిందంటే బ్రేకుల పట్టు బాగా పడిపోతుంది. టేకాఫ్‌ను దెబ్బతీసేది మొదటిది, ల్యాండింగ్‌ను దెబ్బతీసేది రెండోది. గడ్డి విమానాన్ని లాగి ఆపేస్తుందన్న నమ్మకం చాలామంది పైలట్లకు టేకాఫ్ అనుభవం నుంచి వస్తుంది. అదే రన్‌వేనుంచి బయల్దేరినప్పుడు విమానం ఎంత భారంగా కదిలిందో గుర్తుపెట్టుకుని, దిగేటప్పుడు కూడా గడ్డి అంతే గట్టిగా లాగుతుందని ఆశిస్తారు. పొడిగా, ఎత్తుగా ఉన్న గడ్డిలో ఆ ఆశ కొంతవరకు ఫలిస్తుంది. కురచగా కోసిన తడి గడ్డిమీద పూర్తిగా విఫలమవుతుంది.

సంఖ్యల్లో చూస్తే తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. శిక్షణలోనూ సొంత ప్రయాణాల్లోనూ విస్తృతంగా వాడే సెస్నా 172ఎస్ విమానాన్ని తీసుకుందాం. పూర్తి బరువుతో, సముద్రమట్టం వద్ద, ప్రామాణిక ఉష్ణోగ్రతలో, గాలి లేనప్పుడు, 50 అడుగుల ఎత్తునుంచి దిగి పూర్తిగా ఆగడానికి దానికి సుమారు 1335 అడుగులు, అంటే 407 మీటర్లు కావాలి. ఇందులో నేలమీద పరుగు 575 అడుగులు; మిగతా 760 అడుగులు గాలిలోనే గడిచిపోతాయి. ఇవి చదునైన పొడి తారు రన్‌వేమీద, సరైన వేగంతో వచ్చి, బ్రేకులను గరిష్ఠంగా వాడినప్పుడు వచ్చే అంకెలు. పొడి గడ్డిమీద దిగితే నేలమీద పరుగుకు 45 శాతం కలుపుకోవాలని అదే విమానం హ్యాండ్‌బుక్ చెబుతుంది. అప్పుడు పరుగు 834 అడుగులకు, మొత్తం దూరం దాదాపు 1594 అడుగులకు పెరుగుతాయి. తడి గడ్డికి ఆ పట్టికలో అంకె లేదు. పైలట్‌కు లెక్క అత్యంత అవసరమైన చోటే పట్టిక మౌనంగా ఉంటుంది, కాబట్టి వేరే చోట వెతుక్కోవాలి.

ఆ లోటును పూరించే మార్గదర్శకాల్లో బ్రిటన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ ఇచ్చిన గుణకాలు ప్రసిద్ధమైనవి. గట్టి నేలమీద 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఉన్న పొడి గడ్డి అయితే 50 అడుగుల ఎత్తునుంచి లెక్కించిన మొత్తం ల్యాండింగ్ దూరాన్ని 1.15తోనూ, తడి గడ్డి అయితే 1.35తోనూ హెచ్చించాలి. గట్టి నేలమీద చాలా కురచగా ఉన్న గడ్డి తడిసినప్పుడు నేల జారుడుగా మారి దూరం 60 శాతం వరకు పెరగవచ్చు. వీటన్నిటి తర్వాత 1.43 భద్రతా గుణకాన్ని కూడా వేసుకోవాలని ఆ సంస్థ గట్టిగా సూచిస్తుంది. ప్రొపెల్లర్‌తో నడిచే వాణిజ్య విమానాలు అందుబాటులో ఉన్న రన్‌వేలో 70 శాతం లోపలే ఆగగలగాలన్న నిబంధన నుంచి వచ్చినదే ఈ 1.43. పై సెస్నాకు ఈ లెక్క వేస్తే తడి గడ్డిమీద 1802 అడుగులు, భద్రతా గుణకంతో కలిపి 2577 అడుగులు, అంటే సుమారు 785 మీటర్లు కావాలి. కురచ తడి గడ్డి విషయంలో అది 931 మీటర్లకు చేరుతుంది. 407 మీటర్ల అంకెను మనసులో పెట్టుకుని 600 మీటర్ల గడ్డి రన్‌వేను చూసే పైలట్‌కు దాదాపు 200 మీటర్లు మిగులుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ మిగులు లేకపోగా, భద్రత కోసం ఉంచుకోవాల్సిన దూరంలోనే కోత పడి ఉంటుంది.

ఈ గుణకాల వెనుక మరో విషయం దాగి ఉంది. నేల ఎలాంటిదైనా గాలిలో గడిచే 760 అడుగుల్లో మార్పుండదు. పెరిగేదంతా నేలమీద పరుగులోనే. మొత్తం దూరం 1.35 రెట్లయిందంటే నేలమీద పరుగు 575 నుంచి 1042 అడుగులకు, అంటే 1.8 రెట్లకు చేరిందన్నమాట. 60 శాతం పెరుగుదల అయితే పరుగు 1376 అడుగులకు, దాదాపు 2.4 రెట్లకు చేరుతుంది. 35 శాతం అన్న అంకె వినడానికి మామూలుగానే ఉంటుంది గానీ, పైలట్ కాలికింది బ్రేకుల శక్తి సగానికి, కొన్నిసార్లు అంతకన్నా కిందికి పడిపోయిందన్నది దాని అసలు అర్థం.

బ్రేకుల శక్తి తగ్గినప్పుడు మిగతా చిన్న చిన్న తప్పులన్నీ పెద్దవవుతాయి. 50 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 25.7 మీటర్ల వేగంతో నేలను తాకిన విమానం సెకనుకు 4 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గించుకోగలిగితే 83 మీటర్లలో ఆగుతుంది. ఆ రేటు 2 మీటర్లయితే 165 మీటర్లు, ఒక మీటరే అయితే 330 మీటర్లు పడుతుంది. నేలను తాకిన వేగం 10 శాతం ఎక్కువైతే గతిజ శక్తి 21 శాతం పెరుగుతుంది, ఆగే దూరమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తారుమీద ఆ 21 శాతం అంటే 17 మీటర్లే, ఎవరూ గమనించరు. జారుడు గడ్డిమీద అదే 21 శాతం 70 మీటర్లవుతుంది, కంచె ఆలోపే ఉండవచ్చు. వాలు విషయమూ ఇంతే. రన్‌వే దిగువకు 2 శాతం వాలి ఉంటే గురుత్వాకర్షణ విమానాన్ని ముందుకు నెట్టి, వేగం తగ్గే ఆ రేటులో దాదాపు 0.2 మీటర్లు కోత పెడుతుంది. బ్రేకులు 4 మీటర్ల రేటు ఇవ్వగలిగినప్పుడు దాని ప్రభావం 5 శాతం. ఒక మీటరే ఇవ్వగలిగినప్పుడు 20 శాతం. దిగువ వాలుకు 10 శాతం కలుపుకుంటే సరిపోతుందన్న సాధారణ సూత్రం తడి గడ్డిమీద చాలకపోవడానికి కారణం ఇదే.

వేగం గురించి మరికొంత చెప్పుకోవాలి, ఎందుకంటే గడ్డి రన్‌వే కొస దాటిపోయే ప్రమాదాల్లో అధిక వేగం పాత్ర ఎంతో పెద్దది. ఈ సెస్నాకు చిన్న రన్‌వేమీద దిగేటప్పుడు 50 అడుగుల ఎత్తులో ఉండాల్సిన వేగం 61 నాట్లు; అది పూర్తి బరువుకు చెప్పిన అంకె. బరువు 20 శాతం తగ్గితే స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని ఇక గాలిలో నిలపలేని వేగం, దాదాపు 10.5 శాతం తగ్గుతుంది, కావలసిన వేగం కూడా 55 నాట్ల దగ్గరికి వస్తుంది. ఒంటరిగా, సగం ట్యాంకు ఇంధనంతో వస్తున్న పైలట్ అలవాటు ప్రకారం 65 నాట్లు పట్టుకుని వస్తే, కావలసినదానికన్నా సుమారు 40 శాతం ఎక్కువ శక్తిని రన్‌వే మీదికి మోసుకొస్తున్నాడన్నమాట. ఆ శక్తి ముందుగా విమానాన్ని నేలకు కొద్ది అడుగుల ఎత్తులో తేలుతూ పోయేలా చేస్తుంది. 60 నాట్ల వేగంలో ప్రతి సెకనుకు 31 మీటర్ల రన్‌వే వెనక్కి పోతుంది. అయిదు సెకన్లు తేలితే 155 మీటర్లు పోయినట్టే. 500 మీటర్ల రన్‌వేలో అది దాదాపు మూడో వంతు. గాలిలో పోగొట్టుకున్న ఆ మీటర్లను నేలమీద తిరిగి సంపాదించుకోవడానికి తారుమీద బ్రేకులు ఉపయోగపడతాయి. గడ్డిమీద ఆ దారి మూసుకుపోయి ఉంటుంది.

వెనుకగాలి కూడా ఇదే పని చేస్తుంది. వెనుకగాలి ప్రతి 2 నాట్లకు ల్యాండింగ్ దూరం 10 శాతం పెరుగుతుందని పై హ్యాండ్‌బుక్ చెబుతుంది. 5 నాట్ల చిరుగాలి దాన్ని పావు వంతు పెంచుతుంది. చిన్న గడ్డి మైదానాల్లో గాలి దిశ చెప్పే కంట్రోల్ టవర్ చాలాచోట్ల ఉండదు, గాలిసంచి ఒక్కటే ఆధారం; అది కూడా తరచు చెట్ల చాటున, రన్‌వే ఒక కొసలో ఉంటుంది. అక్కడ గాలి ఆగినట్టు కనిపించినా రెండో కొసలో వెనుకనుంచి వీస్తూ ఉండవచ్చు. రన్‌వే పక్కన చెట్లవరుస ఉంటే దాని వెనుక గాలి సుడులు తిరుగుతుంది. చెట్ల ఎత్తు దాకా ఎదురుగాలిని ఆసరాగా చేసుకుని వచ్చిన విమానం ఆ ఎత్తు కిందికి దిగగానే ఆసరా పోయి ఒక్కసారిగా కుంగుతుంది. దాన్ని ఊహించి కొందరు పైలట్లు ముందుగానే వేగం పెంచుకుంటారు. ఆ జాగ్రత్తే కొద్ది క్షణాల తర్వాత విమానాన్ని తేలేలా చేసి రన్‌వేను తినేస్తుంది. గాలి కుదుపులకు వేగం కలుపుకోవడమూ, చిన్న రన్‌వేకు వేగం తగ్గించుకోవడమూ ఒకేసారి కుదరవు. రెండూ ఒకే రోజు ఎదురైతే వేరే విమానాశ్రయానికి పోవడమే సరైన నిర్ణయమని గట్టిగా చెప్పాలి.

తడి అనగానే వాన గుర్తుకు వస్తుంది గానీ గడ్డి తడవడానికి వాన అవసరం లేదు. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి గడిచాక తెల్లవారేసరికి గడ్డినిండా మంచు పట్టి ఉంటుంది. ఆ ఉదయం వాతావరణ నివేదికలో అన్నీ అనుకూలంగానే కనిపిస్తాయి. నేల తడిగా ఉందన్న సంగతి అందులో ఉండదు. ఎగరడానికి ఎంతో హాయిగా తోచే ప్రశాంతమైన ఉదయమే దిగడానికి జారుడు నేలను సిద్ధం చేస్తుంది, పైగా విమానాన్ని ఆపడంలో తోడ్పడే ఎదురుగాలి కూడా అప్పుడు ఉండదు. ఎండ పడ్డ భాగం త్వరగా ఆరినా, చెట్ల నీడ పడే భాగం పొద్దెక్కేదాకా తడిగానే ఉంటుంది. రన్‌వే మొదటి సగం పొడిగా, రెండో సగం తడిగా ఉంటే పైలట్ తొలిసారి బ్రేకు నొక్కినప్పుడు దొరికిన పట్టును నమ్మి, చివర్లో అది లేక దెబ్బతింటాడు. కోసిన గడ్డిని ఎత్తివేయకుండా వదిలేస్తే, తడిసిన ఆ తుక్కు కూడా టైరుకింద జారుడు పొరలా తయారవుతుంది.

దూరాన్ని కంటితో అంచనా వేయడంలోనూ గడ్డి రన్‌వే పైలట్‌ను తప్పుదారి పట్టిస్తుంది. శిక్షణ అంతా తారు రన్‌వేమీద పొందినవారి కళ్లు ఒక నిర్దిష్ట వెడల్పుకు, అంచుల గీతలకు, రన్‌వే పక్క దీపాలకు అలవాటు పడి ఉంటాయి. గడ్డిమీద ఆ గుర్తులు ఉండవు, ఉన్నా చుట్టూ పచ్చదనంలో కలిసిపోతాయి. అలవాటైనదానికన్నా సన్నని రన్‌వేను చూస్తే తాను ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు పైలట్‌కు అనిపిస్తుంది, అందువల్ల ఉండాల్సినదానికన్నా కిందికి దిగి కంచెకు, చెట్లకు దగ్గరగా వస్తాడు. వెడల్పైన మైదానంమీద దీనికి విరుద్ధంగా జరుగుతుంది: నేల దగ్గరైనట్టు భ్రమ కలిగి, ముందుగానే ముక్కు ఎత్తి, ఎత్తునుంచి విమానాన్ని దబ్బున పడేస్తాడు. ఎదురుగా ఎత్తుకు లేస్తున్న రన్‌వే కూడా ఎక్కువ ఎత్తులో ఉన్న భ్రమనే కలిగిస్తుంది. దిగువకు వాలిన రన్‌వే తక్కువ ఎత్తులో ఉన్నట్టు చూపించి, పైలట్‌ను అవసరానికి మించిన ఎత్తులో ఉంచి, రన్‌వే మధ్యలో ఎక్కడో చక్రాలు ఆనేలా చేస్తుంది. దిగువ వాలు, ఆలస్యంగా నేలను తాకడం, బలహీనమైన బ్రేకులు అనే మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఈ మూడూ కలిసిన చోట రన్‌వే కొస దాటడం దాదాపు ఖాయం.

ఇక మెత్తటి నేల. ఇక్కడ సమస్య ఆగకపోవడం కాదు, ఉన్నట్టుండి ఆగిపోవడం. ముందు చక్రం ఉన్న విమానంలో ఆ చక్రం కాలు వెనుక చక్రాల కాళ్లంత బలంగా ఉండదు. నేలను మొదట తాకే దెబ్బను భరించడం దాని పని కాదు. బురదలోకో, ఎలుక తవ్విన గుంతలోకో, పశువుల గిట్టలు దిగబడి ఎండిపోయిన గట్టి గోతుల్లోకో ముందు చక్రం వేగంగా దిగితే ఆ కాలు వెనక్కి మడతపడుతుంది. ప్రొపెల్లర్‌కు, నేలకు మధ్య ఉండే ఖాళీ చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. అమెరికాలో తేలికపాటి విమానాలకు చాలాకాలం వర్తించిన ధ్రువీకరణ నిబంధన కోరిన కనీస ఖాళీ ముందు చక్రం ఉన్నవాటికి 7 అంగుళాలు, తోకచక్రం ఉన్నవాటికి 9 అంగుళాలు. 7 అంగుళాలంటే 18 సెంటీమీటర్లకన్నా తక్కువ. 20 సెంటీమీటర్ల గడ్డి అంతకన్నా ఎత్తు. బ్రేకు గట్టిగా వేసినప్పుడు ముందు కాలు నొక్కుకుపోయి ఆ ఖాళీ మరింత తగ్గుతుంది. గడ్డి పరకలను తాకడం వల్ల ప్రొపెల్లర్‌కు పెద్ద హాని ఉండకపోవచ్చు, కాని ఆ గడ్డి కింద కనిపించకుండా ఉన్న మట్టిగడ్డ తగిలితే సంగతి వేరు. ప్రొపెల్లర్ నేలను కొడితే పైకి ఏమీ కాకపోయినట్టున్నా లోపల ఇంజిన్ ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ దెబ్బతిని ఉండవచ్చు గనుక ఇంజిన్‌ను విప్పి పరీక్షించాల్సి వస్తుంది. ఎవరికీ గాయం కాని చిన్న సంఘటన కూడా విమానాన్ని నెలల తరబడి మూలన పడేసేది ఇందుకే.

మెత్తటి నేలకు తగిన పద్ధతి పైలట్లందరికీ శిక్షణలో నేర్పేదే. కొద్దిగా పవర్ ఉంచి, ముక్కు ఎత్తి, వీలైనంత తక్కువ వేగంతో వెనుక చక్రాలను నేలకు ఆన్చి, కంట్రోల్‌ను, అంటే ముక్కును ఎత్తి దించే చేతి పిడిని, వెనక్కి లాగి పట్టుకుని ముందు చక్రాన్ని సాధ్యమైనంత సేపు గాలిలోనే ఉంచాలి. చిక్కేమిటంటే ఇది చిన్న రన్‌వే పద్ధతికి పొసగదు. చిన్న రన్‌వేమీద పవర్ పూర్తిగా తగ్గించి, వెంటనే ముందు చక్రాన్ని ఆన్చి, గట్టిగా బ్రేకు వేయాలి. వాన వెలిసిన తర్వాత ఒక చిన్న గడ్డి రన్‌వే ఒకే సమయంలో పొట్టిది, మెత్తనిది, జారేది కూడా కావచ్చు. మూడింటికీ సరిపోయే ఒకే పద్ధతి లేదు. అలాంటప్పుడు పద్ధతి ఎంచుకోవడం కన్నా రన్‌వేను ఎంచుకోవడమే పైలట్ చేతిలో ఉన్న పని.

అధిక వేగంతో వచ్చిన విమానాన్ని బలవంతంగా నేలకు ఆన్చబోయినప్పుడు మరో రకం ప్రమాదం మొదలవుతుంది. ఇంకా ఎగరగల వేగం ఉన్న విమానం ముందు చక్రంమీద దిగి, ఎగిరిపడి, మళ్లీ దిగుతుంది. పైలట్ దాన్ని కంట్రోల్‌తో అణచాలని చూస్తే అతని స్పందన ప్రతిసారీ కొంత ఆలస్యమై ఊపును ఇంకా పెంచుతుంది. రెండో మూడో దెబ్బకు ముందు కాలు విరగడం తరచు జరిగేదే. ఎగుడుదిగుడు గడ్డి ఈ గెంతులకు మరింత దోహదం చేస్తుంది. మొదటి గెంతుకే పూర్తి పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేచిపోవడం దీనికి తెలిసిన మందు. కాని రన్‌వే ఇప్పటికే సగం అయిపోయిందన్న భయం పైలట్‌ను విమానాన్ని నేలకే అదిమేలా చేస్తుంది.

అడ్డగాలిలో గడ్డి ఇచ్చే రక్షణ గురించి పైన చెప్పుకున్నాం. అదే గడ్డి తడిస్తే దిశను అదుపులో ఉంచే పట్టు కూడా పోతుంది. వేగం తగ్గేకొద్దీ ముక్కును పక్కలకు తిప్పే తోక పలక, రడ్డర్, బలహీనపడుతుంది, ఆ సమయానికి చక్రాలు బాధ్యత అందుకోవాలి; అవి జారుతుంటే గాలి విమానం ముక్కును తనవైపు తిప్పుకుంటుంది. తోకచక్రం ఉన్న విమానంలో గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది కాబట్టి ఒకసారి మొదలైన మలుపు తనంతట తానే పెరిగి గిర్రున తిరిగే స్థితికి చేరుతుంది. ఆ విమానాల్లోనే బ్రేకులు గట్టిగా వేస్తే ముక్కుమీద బోర్లాపడే ప్రమాదమూ ఉంది, ముఖ్యంగా మెత్తటి నేలలో.

బ్రేకుల వాడకంలో చాలామంది చేసే పొరపాటు వాటిని తొక్కి పట్టుకోవడం. తేలికపాటి విమానాల్లో సాధారణంగా చక్రం బిగుసుకుపోకుండా ఆపే యాంటీ-స్కిడ్ వ్యవస్థ ఉండదు. తడి గడ్డిమీద కొద్దిపాటి ఒత్తిడికే చక్రం తిరగడం మానేస్తుంది, తర్వాత టైరు గడ్డిని నలిపి, దాని రసంలోనే జారుతూ పోతుంది. బిగుసుకున్న చక్రం దిశను కూడా నిలపలేదు. చక్రం జారుతున్నట్టు అనిపించగానే బ్రేకు వదిలి, మళ్లీ తేలిగ్గా నొక్కడం తప్ప మార్గం లేదు. అదే సమయంలో ముందు చక్రంమీద బరువు పడకుండా కంట్రోల్‌ను వెనక్కి లాగి ఉంచితే ప్రధాన చక్రాలమీద బరువు పెరిగి పట్టు కాస్త మెరుగుపడుతుంది.

అన్నిటికన్నా క్లిష్టమైన ప్రశ్న గో-అరౌండ్. దిగే ప్రయత్నాన్ని మానుకుని మళ్లీ పైకి లేవడం గాలిలో ఉండగా ఎంతో సురక్షితమైన పని. గడ్డిమీద దొర్లడం మొదలయ్యాక మాత్రం, ఆలస్యమైన ప్రతి క్షణానికీ అది ప్రమాదకరంగా మారుతుంది. మొదట చెప్పుకున్న రెండు ఘర్షణలూ ఇక్కడ పైలట్‌కు వ్యతిరేకంగా కలుస్తాయి: బ్రేకులకు పట్టు ఇవ్వని తడి నేలే దొర్లుడు ఘర్షణతో వేగం పెరగకుండా కూడా అడ్డుపడుతుంది. తక్కువ వేగంతో దిగడానికి రెక్కల వెనుక అంచున వాడే ఫ్లాప్‌లు పూర్తిగా దించి ఉంటాయి, రన్‌వేలో కొంతే మిగిలి ఉంటుంది, కొసన చెట్లుంటాయి. అలా లేచిన విమానం చెట్లను తప్పించుకోవడానికి ముక్కు మరీ ఎత్తి స్టాల్ అవుతుంది, లేదా చెట్లనే ఢీకొంటుంది. ల్యాండింగ్ ప్రమాదాలు సంఖ్యలో ఎక్కువైనా ప్రాణాలు తీసేవి వాటిలో తక్కువ. ప్రాణాంతకమైన వాటిలో ఇలా ఆలస్యంగా పైకి లేవబోయి స్టాల్ అయినవి ముఖ్యమైన భాగం. 20 నాట్ల వేగంతో కంచెను ఢీకొన్న విమానంతో పోలిస్తే 55 నాట్ల వేగంతో చెట్టును ఢీకొన్న విమానంలో ఏడున్నర రెట్ల శక్తి ఉంటుంది. అందువల్ల ఒక స్థానం దాటాక కంచెలోకి నెమ్మదిగా పోవడాన్ని ఒప్పుకోవడమే మేలు, విమానం పాడైనా సరే. ఇది చెప్పడానికి కష్టంగా ఉండే మాట, ఎందుకంటే దిగడం మానుకుని పైకి లేవడమే ఎప్పుడూ సురక్షితమని పైలట్లకు పదేపదే నేర్పుతారు.

ఈ చిక్కును విప్పే మార్గం ఆ స్థానాన్ని ముందే నిర్ణయించుకోవడం. రన్‌వేలో మొదటి మూడో వంతు ముగిసే చోట పక్కన ఉన్న ఒక చెట్టునో, గేటునో, కంచె మలుపునో గుర్తు పెట్టుకుని, అక్కడికి చేరేలోగా చక్రాలు నేలను గట్టిగా తాకకపోతే మారుమాట లేకుండా పవర్ ఇచ్చి లేచిపోవాలి. ఒకవైపు కొండో, నిటారు వాలో ఉండి లేచిపోవడానికి దారిలేని రన్‌వేల్లో ఈ గుర్తు రన్‌వేమీద కాక దానికి చాలా ముందు, రన్‌వేకు ఎదురుగా దిగివచ్చే చివరి అప్రోచ్‌లోనే ఉండాలి. వేగం, ఎత్తు, దిశ మూడూ అక్కడే సరిగ్గా కుదరాలి. గుర్తు ముందే ఉన్నప్పుడు, కొద్ది క్షణాల్లో తేలుతున్న విమానంలో కూర్చుని కొత్తగా ఆలోచించాల్సిన పని పైలట్‌కు ఉండదు. ఆ క్షణాల్లో మనిషి ఆలోచన ఎప్పుడూ ఇంకొంచెం దూరం చూద్దామనే వైపే మొగ్గుతుంది.

గాలిలోకి లేవకముందే చేయగలిగినది కూడా చాలానే ఉంది. గడ్డి మైదానానికి వెళ్లేముందు అక్కడివారికి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు రన్‌వే పొడవుతో ఆగకూడదు. గడ్డి ఎప్పుడు కోశారు, ఇప్పుడు ఎంత ఎత్తుంది, చివరిసారి వాన ఎప్పుడు పడింది, నీరు నిలిచే పల్లం ఏ కొసలో ఉంది, వాలు ఎటు, నీడ ఎటు పడుతుంది అన్నవి తెలియాలి. గడ్డి ఎత్తు చక్రం వ్యాసంలో 30 శాతం మించకూడదన్నది అనుభవజ్ఞులు పాటించే కొలత. చిన్న చక్రాలున్న విమానానికి ఆ హద్దు చాలా త్వరగా వచ్చేస్తుంది. చక్రాలపై తొడుగులుంటే వాటిలో బురద, గడ్డి ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది కాబట్టి, తడి కాలంలో వాటిని తీసేసి ఎగిరేవారు చాలామంది. నిన్న ఎవరో సులువుగా దిగారన్న సమాధానం వస్తే, ఏ విమానంలో అని తప్పకుండా అడగాలి. తక్కువ గాలి నింపిన లావాటి టైర్లతో, 35 నాట్లకే నేలను తాకే తోకచక్రం విమానం హాయిగా దిగిన చోట, చిన్న చక్రాలతో 55 నాట్లకు తాకే విమానం దాదాపు రెండున్నర రెట్ల శక్తిని తనతో తెస్తుంది. నేల అదే అయినా, మొదటి విమానం అనుభవాన్ని బట్టి రెండోదానికి భరోసా చెప్పుకోవడానికి లేదు.